సెల్ టవరు లీజులు: స్థలదారుని హక్కులు, దారి హక్కులు

మగ్గము మీద రాబడి తగ్గిన ఇంటికి నెలనెల తప్పక వచ్చు అద్దె గొప్ప ఆధారము. షోలాపూరు, భివండి, ఇచల్‌కరంజి, సేలము, బళ్ళారి, బరంపురము, యానాము మొదలైన చోట్ల తరతరములుగా స్థిరపడిన మన నేత కుటుంబములలో కొందరికి ఇంటి వెనుక కొంత ఖాళీ నేలయో, ఇంటిపై గట్టి డాబాయో కలదు. సెల్ టవరు కంపెనీ తరఫున ఒక మనిషి వచ్చి "మీ స్థలము మాకు నచ్చినది" అనిన నాడు ఇంటిల్లిపాదికి సంతోషము కలుగుట సహజము.

ఆ నాడు మనవారు అడుగు ప్రశ్నలు రెండు. అద్దె ఎంత? అడ్వాన్సు ఎంత? ఈ రెండును అడుగవలసినవే. కాని మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. "టవరు వద్దకు మీ మనుష్యులు ఏ దారిన వత్తురు?" అని. దీనిని అడుగువారు అరుదు. అద్దె కొంచెము తక్కువైనచో నష్టము నెలకు కొన్ని వందలో, వేలో. దారి సంగతి తేల్చుకొననిచో నష్టము ఇంటికే. కాబట్టి ఈ వ్యాసములో ఆ మూడవ ప్రశ్ననే ముఖ్యముగా విచారింతము.

ఒక ఇంటి లెక్క

40 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవు గల నివేశన స్థలము ఒకటి ఉన్నదనుకొందము. వీధి వైపు ఇల్లు, ఇంటిలో మగ్గములు. ఇంటి ప్రక్కగా వెనుకవరకు ఖాళీ నేల. పడుగు చాపి గంజి పెట్టుకొనుటకు, రంగు వేసిన నూలు ఆరవేసికొనుటకు ఆ నేలయే ఆధారము. పడుగుకు ఎంత బారు నేల కావలెనో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ స్థలము వెనుక కొసన 30 అడుగుల చదరము టవరుకు ఇచ్చిరి. అనగా 900 చదరపు అడుగులు. అద్దె కుదిరినది ఈ 900 అడుగులకే. వీధి నుండి అచ్చటికి 90 అడుగుల దూరము. చిన్న బండి పోవుటకు 8 అడుగుల వెడల్పు కావలెననుకొన్నచో దారి క్రిందికి పోవునది 720 చదరపు అడుగులు. టవరు నిలుచు నేలలో ఐదింట నాలుగు వంతులంత నేల దారికే పోయినది. దానికి అద్దె లేదు.

ఇది మంచి పక్షము. అసలు చిక్కు మరొకటి. కంపెనీ తెచ్చిన పత్రములో దారికి వెడల్పు ఉండదు, పొడవు ఉండదు, హద్దులు ఉండవు. "యజమాని ఆస్తి మీదుగా ఇరువది నాలుగు గంటలును అడ్డులేని రాకపోకలు" అని ఒక వాక్యము మాత్రము ఉండును. వినుటకు చిన్న మాట. కాని దాని అర్థమేమి? 8 అడుగుల దారి కాదు. మిగిలిన 3,900 చదరపు అడుగులలో ఎక్కడినుండియైనను పోవచ్చునని కంపెనీ వారు వాదించుటకు ఆ వాక్యము చాలును. రేపు మీరు ఆ ఖాళీలో ఒక మగ్గముల షెడ్డు వేయదలచినచో వారు అడ్డు చెప్పవచ్చును. ఉదయము పడుగు చాపిన వేళ డీజిలు బండి వచ్చినచో పడుగు తీయవలసినది మీరే. అర్ధరాత్రి కరెంటు పోయి మరమ్మతు మనిషి వచ్చినచో, ఇంటిలో ఆడవారు, పసిపిల్లలు నిద్రించుచున్నను తలుపు తీయవలసినది మీరే.

డాబా మీది టవరునకును ఇదే న్యాయము. మెట్లు ఇంటి లోపలినుండి ఉన్నచో ఆ ఇంటి నడవయే కంపెనీ వారికి దారి అగును.

లీజా, లైసెన్సా?

దారి సంగతి తెలియుటకు ముందు పత్రము ఏ జాతిదో తెలియవలెను. ఒకరి స్థలమును మరొకరు వాడుకొనుటకు చట్టములో రెండు ముఖ్యమైన పద్ధతులు కలవు. ఒకటి లీజు. దీనిని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 105వ సెక్షను వివరించుచున్నది. లీజులో స్థలమును అనుభవించు హక్కు ఆ గడువు వరకు అద్దెదారునకు బదిలీ అగును. రెండవది లైసెన్సు. దీనిని అదే 1882 నాటి ఈజుమెంటుల చట్టము 52వ సెక్షను వివరించుచున్నది. ఇందులో ఏ హక్కును బదిలీ కాదు. "నీవు ఈ పని చేసికొనవచ్చును" అను అనుమతి మాత్రమే.

పత్రము పైన ఏ పేరు వ్రాసినారో చూచి మోసపోరాదు. పేరు కాదు, లోపలి సారమే ముఖ్యమని సుప్రీము కోర్టు 1959లో అసోసియేటెడ్ హోటల్సు కేసులో స్పష్టముగా చెప్పినది. స్థలము పూర్తిగా ఒకరి స్వాధీనములోనే ఉండునట్లు ఇచ్చినచో అది సాధారణముగా లీజుగానే ఎంచబడును.

"లైసెన్సే గదా, ఇష్టము లేనినాడు పొమ్మనవచ్చును" అని కొందరు ధైర్యము చెప్పుదురు. ఇది సగము నిజము. లైసెన్సును రద్దు చేయవచ్చునన్నది నిజమే. కాని అదే చట్టము 60వ సెక్షనులో ఒక మినహాయింపు ఉన్నది. అనుమతి పొందినవాడు దానిని నమ్ముకొని ఖర్చు పెట్టి శాశ్వతమైన కట్టడము కట్టినచో, ఆ లైసెన్సును రద్దు చేయుటకు వీలులేదు. పునాది తీసి, కాంక్రీటు పోసి, టవరు నిలిపిన తరువాత "శాశ్వతమైన కట్టడమే" అని కంపెనీ వకీలు వాదింపక మానడు. కాబట్టి ఏ పేరుతో ఇచ్చినను ముగింపు షరతులు పత్రములోనే ఉండవలెను.

ఇంకొక మాట. ఏడాదికి మించిన గడువుగల లీజు రిజిస్టరు పత్రముతోనే చెల్లునని ఆస్తి బదిలీ చట్టము 107వ సెక్షను చెప్పుచున్నది. టవరు లీజులు సాధారణముగా పది, పదునైదు, ఇరువది ఏండ్లకు వ్రాయబడును. రిజిస్టరు కాని పత్రములోని షరతులను కోర్టులో చూపుట కష్టము. స్టాంపు ఖర్చు ఆయా రాష్ట్రములలో వేరువేరుగా ఉండును. ఆ ఖర్చు కంపెనీదే అని ముందుగానే ఒప్పించుకొనుడు.

దారి హక్కు అనగా నేమి?

తన స్థలమును అనుభవించుటకై ఇతరుని స్థలము మీద ఒక పని చేసికొను హక్కు, లేక ఆ ఇతరుడు ఒక పని చేయకుండ ఆపు హక్కు ఈజుమెంటు అనబడును. నడక దారి, బండి దారి, నీటి కాలువ, గాలి వెలుతురు, ఇవి అన్నియు ఈ జాతివే.

వెనుక స్థలమును టవరుకు లీజునకిచ్చి, దారి మాట వ్రాయకున్నచో ఏమగును? దారి లేదని కంపెనీ మానుకొనదు. ఆ స్థలమును అనుభవించుటకు మీ మిగిలిన నేల మీదుగా పోక తప్పనప్పుడు, అవసరము వలన పుట్టు దారి హక్కు దానంతట అదే వచ్చునని ఈజుమెంటుల చట్టము 13వ సెక్షను చెప్పుచున్నది. అన్నదమ్ములు పంచుకొన్న ఇండ్లలో వెనుక వాటాదారునకు ముందు వాటా మీదుగా దారి వచ్చునది కూడ ఈ సెక్షను వలననే.

కాని ఆ దారి ఎక్కడ ఉండవలెనో నిర్ణయించునది ఎవరు? దీనికి 14వ సెక్షను జవాబు చెప్పుచున్నది. మన స్థలదారులందరును గుర్తుంచుకొనవలసిన సెక్షను ఇది. దారిని గీసి చూపు హక్కు మొదట స్థలము ఇచ్చిన యజమానిది. అది అవతలి వారికి తగుమాత్రము సౌకర్యముగా ఉన్నచో చాలును. యజమాని గీయనన్నను, గీయక అశ్రద్ధ చేసినను, అప్పుడు దారి గీసికొను హక్కు అవతలి వానికి పోవును.

అనగా మొదటి గీత మనది. మనము గీయకుంటే వారిది. అశ్రద్ధ వలన హక్కు చేయి జారుట అనగా ఇదియే.

మరి మూడు సంగతులు కూడ మనకు అనుకూలముగా ఉన్నవి. మొదటిది, 22వ సెక్షను ప్రకారము దారి హక్కు గలవాడు అవతలి నేలకు వీలైనంత తక్కువ భారము కలుగునట్లు దానిని వాడుకొనవలెను. నేలలో ఒక భాగమునకే దారిని పరిమితము చేయుమని యజమాని అడిగినప్పుడు, తన అనుభవమునకు నష్టము లేనిచో అతడు ఒప్పుకొనవలెను. రెండవది, ఒక జాతి దారి హక్కులో మరొక జాతి దారి హక్కు ఇమిడి ఉండదని 28వ సెక్షను చెప్పుచున్నది. నడక దారి ఇచ్చినచో అది బండి దారి కాదు. మూడవది, అవసరము వలన పుట్టిన దారి ఆ అవసరము తీరినంతనే పోవునని 41వ సెక్షను చెప్పుచున్నది.

కొందరికి మరొక భయము కలదు. ఇరువది ఏండ్లు నడిచినచో దారి శాశ్వతముగా వారిదైపోవునని. ఇరువది ఏండ్ల నియమము చట్టములో ఉన్నమాట నిజమే. కాని అది ఎవరి అనుమతియు లేక హక్కుగా, బహిరంగముగా, అడ్డులేకుండ నడిచిన వారికే వర్తించును. మీ అనుమతితో, మీ పత్రము ప్రకారము నడిచినవారికి ఆ విధముగా హక్కు పుట్టదు. అందుకే అనుమతిని నోటిమాటగా వదలక కాగితము మీద ఉంచవలెను.

కొత్త చట్టమేమి చెప్పుచున్నది?

1885 నాటి టెలిగ్రాఫు చట్టము స్థానములో 2023లో టెలికమ్యూనికేషనుల చట్టము వచ్చినది. దారి హక్కులకు సంబంధించిన దాని సెక్షనులు 2024 జూను 26 నుండి అమలులోనికి వచ్చినవి. వాటిని అనుసరించి చేసిన నియమములు 2025 జనవరి 1 నుండి అమలగుచున్నవి.

ఈ చట్టము 12వ సెక్షను ప్రైవేటు ఆస్తులను గూర్చినది. కంపెనీ వారు యజమానిని అడుగవలెను. ఉభయులును ఒప్పుకొన్న ప్రతిఫలముతో ఒప్పందము వ్రాసికొనవలెను. యజమాని ఒప్పుకొననిచో, ప్రజాప్రయోజనము కొరకు అది అవసరమని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినప్పుడు మాత్రము దారి హక్కును తీసికొను అధికారము ప్రభుత్వమునకు ఉన్నది. "మీరు ఒప్పుకొననిచో రేపే ప్రభుత్వము ఊరక తీసికొనును" అని ఎవరైన బెదరించినచో, అట్టి నిర్ణయము కంపెనీ మనిషిది కాదని తెలిసికొనుడు.

14వ సెక్షను రెండు వైపులను కాపాడునది. ఆస్తిని వాడుకొను హక్కు తప్ప, దాని మీద కంపెనీకి వేరే హక్కు గాని యాజమాన్యము గాని రాదు. అట్లే ఆ ఆస్తి మీద గల అప్పులు, దావాలు టవరును తాకవు. మీ ఇల్లు జప్తుకు వచ్చినను టవరు మీ ఆస్తిగా లెక్కకు రాదు. టవరు వారిది, నేల మనది. రెంటి నడుమ ఉన్నది దారి. అది ఎంత, ఏ వేళ, ఎవరి కొరకు అన్నది మాత్రము చట్టము వ్రాసి పెట్టదు. పత్రమే వ్రాయవలెను.

సంతకము ఎవరెవరిది?

ఇంటి పెద్ద సంతకముతో పని ముగిసినదనుకొనుట మన ఇండ్లలో అలవాటు. ఉమ్మడి ఆస్తి విషయములో ఇది చాలదు. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ ప్రకారము ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకును కుమారులతో సమానమైన హక్కు కలదు. ఈ హక్కు పుట్టుకతోనే వచ్చునని సుప్రీము కోర్టు 2020లో తీర్పు చెప్పినది. అత్తవారింట నున్న అక్కచెల్లెండ్రను అడుగక పదునైదేండ్ల లీజు వ్రాసినచో కలహము ఇంటిలోనే పుట్టును. ముందుగా పిలిచి కూర్చుండబెట్టి, అద్దెలో వారి వాటా తేల్చి, వారి సంతకము కూడ తీసికొనుట మంచిది.

దారి ఎవరి వాటా మీదుగా పోవునో వారి సంతకము మరింత ముఖ్యము. వెనుక వాటా తమ్మునిది, ముందు వాటా అన్నది అయినప్పుడు, అద్దె తమ్మునికి, బండ్ల రొద అన్నకు అయినచో ఆ ఇంటిలో శాంతి ఉండదు. దారి ఇచ్చిన అన్నకును అద్దెలో భాగము వ్రాయవలెను.

ఇల్లు బ్యాంకు తనఖాలో ఉన్నచో బ్యాంకు వ్రాతపూర్వకమైన అంగీకారము కావలెను. ఆస్తి బదిలీ చట్టము 65ఏ సెక్షను ప్రకారము, వేరే ఒప్పందము లేనిచో, తనఖా పెట్టినవాడు కట్టడమును మూడేండ్లకు మించి లీజునకు ఇయ్యరాదు. ప్రభుత్వమిచ్చిన ఇంటి పట్టాయైనను, సహకార గృహ సంఘము స్థలమైనను, మొదట ఆ పట్టా షరతులు, ఆ సంఘము నియమములు చదువవలెను.

అద్దె, పన్నులు

అద్దె పెంపు శాతము, పెంచు తేదీ స్పష్టముగా ఉండవలెను. నెలకు 10,000 రూపాయలతో మొదలై మూడేండ్లకొకసారి నూటికి 15 వంతున పెరిగినచో, పదుమూడవ ఏట అద్దె 17,490 రూపాయలగును. పెంపు వ్రాయకున్నచో అప్పుడును 10,000 రూపాయలే.

పన్నుల సంగతి. సెల్ టవరు మీద రాష్ట్రములు ఆస్తి పన్ను విధింపవచ్చునని సుప్రీము కోర్టు 2016 డిసెంబరులో అహమ్మదాబాదు మునిసిపల్ కార్పొరేషను కేసులో తీర్పు చెప్పినది. ఆ పన్ను నోటీసు మీ ఇంటి పేరున రాకుండునట్లు, వచ్చినను కంపెనీయే చెల్లించునట్లు పత్రములో వ్రాయించుడు. 2024 అక్టోబరు 10 నుండి, జి.ఎస్.టి. నమోదు లేని యజమాని నమోదు గల వ్యాపారికి నివాసేతర ఆస్తిని అద్దెకిచ్చినచో ఆ పన్ను అద్దెదారుడే నేరుగా కట్టవలెను. ఆ సొమ్మును మీ అద్దెనుండి తగ్గించుటకు వీలులేదని వ్రాయించుట మేలు. ఆదాయపు పన్ను క్రింద పట్టుబడి జరిగినచో పట్టుబడి సర్టిఫికేటు అడిగి తీసికొనుడు. పాన్ నంబరు ఇయ్యనిచో పట్టుబడి రెట్టింపగును.

అద్దె ఆగినప్పుడు

అద్దె నిలిచిన నాడు కోపముతో దారికి తాళము వేయుట, కరెంటు తీయుట మన తప్పు క్రిందికి వచ్చును. గడువులోపల అద్దెదారుని అనుభవమునకు అడ్డు రారాదన్న నియమము యజమానిని కట్టివేసియున్నది. దారి మూసినచో న్యాయము మన వైపున ఉన్న తగవు కూడ తారుమారగును. సరియైన మార్గము పత్రములోనే ఉండవలెను. "ఇన్ని నెలల అద్దె రానిచో, వ్రాతపూర్వకమైన నోటీసు ఇచ్చి లీజును రద్దుచేసి స్థలమును తిరిగి స్వాధీనపరచుకొనవచ్చును" అను షరతు లేనిదే ఉల్లంఘన పేరుతో లీజును రద్దు చేయుట సాధ్యము కాదు. బాకీపడిన అద్దెకు దావా వేయుటకు గడువు మూడేండ్లు. దానిని దాటనీయరాదు.

కంపెనీలు పెద్దవైనంత మాత్రమున నిలుచునని లేదు. ఎయిర్‌సెల్ 2018లో దివాలా ప్రక్రియలోనికి పోయినది. అట్టి ప్రక్రియ నడుచునంత కాలము దివాలా కంపెనీ స్వాధీనములోని ఆస్తిని యజమాని తిరిగి తీసికొనుటకు కూడ 2016 నాటి దివాలా చట్టములో నిషేధము కలదు. అందువలన అడ్వాన్సును కూతురి పెండ్లికో కొత్త మగ్గమునకో ఖర్చుచేసి మరచిపోరాదు. టవరు విప్పి, పునాది తవ్వి, నేల చదును చేయుటకు ఎంత అగునో లెక్కవేసి, అంత సొమ్మయినను డిపాజిటుగా నిలిపి ఉంచుకొనుట వివేకము.

గడువు ముగిసిన తరువాత తాను పాతినవానిని అద్దెదారుడు తీసికొని పోవచ్చును. కాని తనకు ఇచ్చినప్పుడు నేల ఎట్లున్నదో అట్లే తిరిగి అప్పగింపవలెనని ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను చెప్పుచున్నది. నేల ఎట్లున్నదో ఆ నాడే ఫొటోలు తీయించి పత్రమునకు జతచేయుడు. మరల ఆ సెక్షనులోనే, వేరే ఒప్పందము లేనిచో అద్దెదారుడు తన హక్కును మరొకరికి బదిలీ చేయవచ్చును, ఉపలీజుకు ఇయ్యవచ్చును అని ఉన్నది. ఒక టవరు మీద రెండు మూడు కంపెనీలు తమ యంత్రములు పెట్టుట మామూలు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క మనిషి, ఒక్కొక్క బండి. దారి మీద భారము మూడింతలగును, అద్దె ఒకటే ఉండును. కాబట్టి కొత్త కంపెనీ వచ్చినప్పుడెల్ల తెలియజేయవలెనని, అద్దె ఇంత పెంచవలెనని ముందే వ్రాయించుడు.

మోసగాండ్రు

టవరు పేరుతో మోసము చేయువారును కలరు. "మీ స్థలము ఎంపికైనది, పెద్ద అడ్వాన్సు వచ్చును, ముందుగా రిజిస్ట్రేషను రుసుము, పన్ను పంపుడు" అని ఫోనులు, ఉత్తరములు వచ్చును. వానిపై ట్రాయ్ ముద్రను పోలిన ముద్రలు కూడ ఉండును. టవరు స్థలముల లీజుతో తనకు సంబంధము లేదని, అట్టి అనుమతి పత్రములు తాను ఇయ్యనని ట్రాయ్ సంస్థ పలుమార్లు ప్రకటించినది. ఒక్క సూత్రము చాలును. అద్దెకు తీసికొనువాడు మనకు డబ్బు ఇయ్యవలెను గాని, మనము వానికి ఇయ్యరాదు. ముందుగా డబ్బు అడిగినవాడు దొంగ.

పత్రములో వ్రాయించవలసిన దారి షరతులు

ఒకటి. పటము. స్థలము మొత్తము, టవరు చోటు, దారి, మూడును అడుగులతో గీసి, ఉభయులును సంతకము చేసి పత్రమునకు జతపరచవలెను. "పటములో చూపిన దారి తప్ప మరియొక దారి లేదు" అను వాక్యము ఉండవలెను.

రెండు. జాతి. నడకయా, తోపుడు బండియా, మోటారు బండియా? క్రేను వంటి పెద్ద యంత్రము తేవలసినచో ఎన్ని దినముల ముందు చెప్పవలెను?

మూడు. వేళలు. మామూలు పనికి పగటి వేళ. రాత్రి వేళ అత్యవసరమునకు మాత్రము, అదియు ఫోను చేసి, గుర్తింపు కార్డు చూపి. పడుగు చాపు వేళలను వేరుగా చెప్పి మినహాయింపు పొందుడు.

నాలుగు. తాళము. వీలైనచో టవరునకు వీధినుండి వేరు గేటు, డాబాకు వెలుపలి మెట్లు కంపెనీ ఖర్చుతో కట్టించుకొనుడు. ఇంటి తాళము చెవి పరులకు ఇయ్యకుడు.

ఐదు. కేబులు, కరెంటు తీగెలు. ఇవి కూడ ఆ దారి వెంటనే పోవలెను. తవ్విన గోతులు ఇన్ని దినములలో పూడ్చవలెను.

ఆరు. మార్పు. రేపు మీరు ఇల్లు పెంచినను, వాటాలు పంచినను, అంతే సౌకర్యము గల మరియొక దారి చూపి మార్చుకొను హక్కు మీకు ఉండవలెను.

ఏడు. నష్టము. బండి వలన గోడకు గాని, నూనె మరక వలన నూలుకు గాని నష్టము కలిగినచో ఎవరు, ఎన్ని దినములలో చెల్లింపవలెను?

ఎనిమిది. ముగింపు. లీజు ముగిసిన దినముననే దారి హక్కును ముగియవలెను. ముందుగా విడిచిపోవు హక్కు కంపెనీకి మాత్రమే ఉన్నచో, అట్టి హక్కు మీకును కొన్ని సందర్భములలో ఉండునట్లు అడుగుడు.

తొమ్మిది. డాబా మీద అయినచో ఇల్లు ఆ బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన సర్టిఫికేటు నకలు మీ చేతికి రావలెను.

పది. అద్దెలో దారి. దారి నేలను కూడ కొలిచి అద్దె లెక్కలో చేర్చుమని అడుగుడు. అడిగినంత మాత్రమున పోవునది ఏమియు లేదు.

చివరి మాట

కంపెనీ మనిషి తెచ్చు పత్రము ఇరువది పుటల ఆంగ్లము. "అయ్యా, ఇది మా కంపెనీ నమూనా. అందరికీ ఇదే. చదవవలసినది ఏమీ లేదు" అని అతడు చెప్పును. దానికి తగిన జవాబు ఒకటే. "అయ్యా, అందరికీ ఇదే అయినచో నాకును ఒక ప్రతి ఇచ్చి పొండు. నాలుగు దినములలో చదివించుకొని చెప్పెదను." పత్రము కన్నడములో, తమిళములో, మరాఠీలో, ఒడియాలో ఉన్నను ఇదే మాట. సంతకము తెలుగులో చేసినను మనలను కట్టివేయునది ఆ పత్రములోని భాషయే. ఇంటిలో చదువుకొన్న పిల్లవాని చేత గాని, అమ్మాయి చేత గాని వాక్యము వాక్యముగా తెలుగులో చెప్పించుకొని, పిమ్మట స్థానిక వకీలునకు చూపవలెను. వకీలు రుసుము ఒక నెల అద్దె అయినను పదునైదేండ్ల చిక్కు ముందర అది ఎక్కువ కాదు.

ఆ నాలుగు దినములలో మీరు స్వయముగా చేయవలసిన పని ఒకటి కలదు. కొలటేపు తీసికొని పెరటిలోనికి పొండు. వీధి గుమ్మమునుండి టవరు చోటు వరకు కొలువుడు. దారి పోవలసిన చోట రెండు వైపుల సుద్దతో గీత గీయుడు. పడుగు చాపు చోటు, నూలు ఆరవేయు చోటు, రేపు కొడుకు వేసికొనబోవు షెడ్డు చోటు ఆ గీతలకు వెలుపల ఉండునట్లు చూచుకొనుడు. ఆ గీతలనే కాగితము మీదికి ఎక్కించి కంపెనీ వారికి ఇయ్యుడు. చట్టము మొదటి గీతను యజమాని చేతిలో పెట్టినది. ఆ గీత గీసిన తరువాతనే సంతకము పెట్టుడు.